వంటగట్టు ఎత్తు

ఫిబ్రవరి 4

ఈ పుస్తకంలో మొదటి పదకొండు పేజీలు మా ఆవిడ చేతిరాత. పన్నెండో పేజీ నుంచి నాది. తనది అచ్చు గుద్దినట్టుంటుంది, నాది కోడి కెలికినట్టు.

అట్ట మీద "సైటు పుస్తకం, మన ఇల్లు" అని ఉంది. పనిచేసే ప్రతి ఇంటికీ తను ఇలాంటిది ఒకటి పెడుతుంది. ఏ రోజు ఏం బిగించారు, ఏది వంకర పోయింది, ఎవరిని కేకలెయ్యాలి, అన్నీ రాస్తుంది. ఇరవై ఏళ్ళుగా అందరి ఇళ్ళూ వాళ్ళడిగినట్టే అలంకరించింది. నగిషీల సీలింగులు, బంగారు రంగు పిడులు, అద్దాల బీరువాలు. మన ఇంటి దగ్గరికొచ్చేసరికి అవేవీ వద్దంది. మంచుదేశాల వాళ్ళ ఇళ్ళలా కావాలంది. తెల్ల గోడలు, లేత రంగు చెక్క, కాస్తంత సామాను, కిటికీ నిండా వెలుతురు. "వాళ్ళకి ఏడాదిలో సగం చీకటే. అందుకని దొరికిన వెలుతురు ఒక్క చుక్క ఒలికిపోకుండా కట్టుకుంటారు" అని నాకూ అమ్మాయికీ పాఠం చెప్పింది.

సగంలో ఉండగా నవంబరులో పని ఆగింది. నవంబరు సంగతి ఇక్కడ రాయను. ఇది సైటు పుస్తకం.

రేపు మళ్ళీ మొదలు. తను గీసినవి పద్నాలుగు షీట్లున్నాయి. గీసినదాన్ని గీసినట్టు కట్టించడమే నా పని. నేను కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి. డాక్టరు పంపిన అచ్చుకి వెంట్రుకవాసి తేడా రాకుండా చెయ్యడం ఇరవై మూడేళ్ళుగా అలవాటు. ఇదీ అలాంటిదే.

ఫిబ్రవరి 5

మేస్త్రి వచ్చాడు. పేరుకి వడ్రంగి గానీ ఇంటి పని మొత్తం ఆయన చేతుల మీదే నడుస్తుంది. జేబులో ఎప్పుడూ రసమట్టం ఉంటుంది. కూర్చోబోయే కుర్చీ మీద కూడా పెట్టి, బుడగ మధ్యలో ఆగిందో లేదో చూసుకుంటాడని తను "మట్టం మేస్త్రి" అని పేరు పెట్టింది. పదహారేళ్ళుగా తన పనులన్నీ ఆయనే చేస్తున్నాడు.

చెప్పులు విప్పి గుమ్మం బయటే ఆగిపోయాడు.

"రండి, మేస్త్రిగారూ."

"అమ్మగారు లేని సైటుకి రావడం ఇదే మొదటిసారండి" అన్నాడు.

షీట్లు చేతికిచ్చి పనిలోకి దింపాను.

ఫిబ్రవరి 9

తన అక్క ఫోను చేసింది. అమ్మాయి నవంబరు నుంచి వాళ్ళింట్లోనే ఉంది. ఇక్కడ దుమ్మూ ధూళీ అని నేనే పంపాను.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా మరిదీ" అని మొదలుపెట్టింది వదిన. "అది పోయి మూడు నెలలైంది. పిల్ల నాకేం బరువు కాదు, ఎన్నాళ్ళైనా ఉంచుకుంటాను. కానీ దాని చదువు సంగతి తేల్చు. ఏప్రిల్ ముప్పై లోపు మీ ఇంట్లో దానికో గదీ, పొయ్యి వెలిగే వంటిల్లూ ఉంటే తీసుకెళ్ళు. లేదంటే ఇక్కడి బళ్ళో ఫారం ఇచ్చేస్తాను. ఒకసారి చేర్పించాక ఏడాదంతా ఇక్కడే, మళ్ళీ మధ్యలో పీకొద్దు."

"ఏప్రిల్ దాకా ఎందుకు వదినా, మార్చి ఆఖరుకే అయిపోతుంది."

"నీ నోట్లో పంచదార పొయ్యా, అంతకన్నానా!"

తర్వాత అమ్మాయి తీసుకుంది. "నాన్నా, నా కిటికీలో కూర్చునే బల్ల చేశారా?"

"చేస్తున్నారే."

"అయితే నేనెప్పుడు రానూ?"

పద్నాలుగేళ్ళొచ్చినా ఇంకా దీర్ఘాలు తీస్తుంది. మార్చి ఆఖరుకని చెప్పాను.

ఫిబ్రవరి 13

తెలుపంటే ఒక్క తెలుపు కాదు. రంగుల కంపెనీ పుస్తకంలో ముప్పై రకాల తెలుపులున్నాయి. వాటిలో ఏదీ నచ్చక తను నా ల్యాబు నుంచి పళ్ళ రంగుల పట్టీ తెప్పించుకుంది. రోగి పళ్ళ పక్కన పెట్టి చూసే పదహారు పింగాణీ పళ్ళు, తెల్లదాని నుంచి పచ్చదాని దాకా వరసగా. రెండోదాన్ని గోడకి ఆనించి "ఇదిగో, ఇది" అంది. ఏడో పేజీలో రాసి ఉంది: "హాలు గోడలు, రెండో పన్ను."

రంగులాయన అది చదివి నా మొహం చూశాడు. "పన్నేంటి సార్?"

పట్టీ తెచ్చి చూపించాను. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ఆ రంగు పట్టుకున్నాడు. "మా ఆవిడ పళ్ళ వంక కూడా ఇంత పరీక్షగా చూడలేదు సార్ నేను" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది.

ఫిబ్రవరి 20

నేలకి చెక్క పరిచారు. బాగుంది.

ఫిబ్రవరి 21

"బాగుంది" అంటే సరిపోదు. తనైతే పేజీ నింపుతుంది. నేనూ ప్రయత్నిస్తాను. లేత గోధుమపిండి రంగు. పాలిష్ మెరుపు లేదు, నూనె పట్టించారంతే. పొద్దున ఎనిమిదింటికి ఎండ కిటికీలోంచి పడి హాలు చివరిదాకా పాకుతుంది. ఉత్తకాళ్ళతో నడిస్తే వెచ్చగా ఉంటుంది. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

మార్చి 2

వంటింటి అరలు చేసి తెచ్చాడు మేస్త్రి. వీటికి పిడులుండవు. పై అంచున వేళ్ళు పట్టేంత గాడి ఉంటుంది, అంతే. వరసగా గోడకి పెట్టాక దగ్గరికెళ్ళి నుంచున్నాను. ఏదో తేడా. టేపు పెట్టి చూస్తే పైన వచ్చే రాయితో కలిపి ముప్పై ఎనిమిది అంగుళాలు.

తను ఐదడుగులు. గట్టు ఎత్తుకి తను చెప్పే లెక్క నాకు కంఠతా వచ్చు. వంట చేసేవాళ్ళ మోచేతికి బెత్తెడు కిందకి ఉండాలి. అలా చూస్తే ముప్పై రెండు. ఏ ఇంటికెళ్ళినా వండే మనిషి మోచెయ్యి కొలిచాకే పెన్సిల్ పట్టుకుంటుంది. ముప్పై ఎనిమిది మీద తను కూరలెలా తరుగుతుంది? పీట వేసుకుని ఎక్కాలి.

షీటు చూశాను. షీటులోనూ ముప్పై ఎనిమిదే ఉంది.

పొరపాటు పడింది. అప్పటికే నొప్పి మొదలై ఉంటుంది, ఒక చేత్తో పొట్ట పట్టుకుని గీసి ఉంటుంది. రెండు వెయ్యాల్సిన చోట ఎనిమిది వేసింది. పాపం, ఎంత నొప్పిలో ఉందో.

అచ్చులో తప్పు కనబడితే పళ్ళు కట్టేవాడు దిద్దాలి. కళ్ళు మూసుకుని చేసిచ్చేస్తే అవతలివాళ్ళ నోరు పుండవుతుంది. ఇన్నేళ్ళలో ఎన్ని దిద్దలేదు నేను.

మార్చి 3

ఆరంగుళాలు కొయ్యమని మేస్త్రికి చెప్పాను. అరల మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మగారి గీత మీద నేను రంపం పెట్టనండి."

"పొరపాటున పడింది మేస్త్రిగారూ. తనకి అంతెత్తు అందదు."

"అందదండి" అన్నాడు.

"మరింకేం?"

"షీటు ఇంకోసారి చూడండి బాబుగారూ. నిదానంగా చూడండి."

ఒళ్ళు మండింది. నాకా కొలతలు చూడటం నేర్పేది? "చూసే చెబుతున్నాను. మీరు కొయ్యకపోతే కోసేవాళ్ళు బోలెడుమంది" అనేశాను. రసమట్టం జేబులో పెట్టుకుని, సామాను సంచీలో సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళుతున్నానని కూడా చెప్పలేదు.

మార్చి 4

ఇంకో వడ్రంగి దొరికాడు. ఏం చెప్పినా "అలాగే సార్" అంటాడు.

మార్చి 11

అరలు కోశారు. కోశాక తెలిసింది, అడుగు వరస సొరుగులు ఇక పట్టవట. పైవి కూడా మళ్ళీ చెయ్యాలట. నాలుగు వారాలన్నాడు. ఫరవాలేదు. ఏప్రిల్ ముప్పై దాకా బోలెడు టైముంది.

మార్చి 19

రాళ్ళ దుకాణానికి వెళ్ళాను. తెల్ల రాయి, బూడిద చారలు వీలైనంత తక్కువ ఉన్నది అని పదో పేజీలో ఉంది. గంటన్నర ఒక్కో పలకా చూశాను. దుకాణం ఆయన విసుగెత్తి "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం సార్" అన్నాడు. నేను చేసే పనేమిటో చెప్పాను. నాలిక్కరుచుకుని టీ తెప్పించాడు.

ఈ సంగతి తనకి చెబితే పడీ పడీ నవ్వుతుంది.

మార్చి 23

అమ్మాయి ఫోను. మార్చి ఆఖరన్నావు కదా అంది. వంటింట్లో చిన్న దిద్దుబాటు వచ్చిందన్నాను.

"ఏం దిద్దుబాటు?"

"గట్టు ఎత్తు. అంతెత్తు అమ్మకి అందదు కదా."

లైను పోయిందనుకుని హలో హలో అన్నాను.

"ఉన్నాను నాన్నా" అంది. తర్వాత బడి గురించి ఏదో చెప్పి పెట్టేసింది.

మార్చి 27

ల్యాబుకి ఒక సెట్టు తిరిగొచ్చింది. పెద్దాయన, కింది దవడ. నమలలేకపోతున్నాడట. అచ్చులో ఎడమ పక్క కాస్త వంకరగా ఉంటే, తీసినప్పుడు కదిలిందనుకుని నేనే సరిచేశాను. డాక్టరు ఫోను చేసి "వంకర ఆయన దవడలోనే ఉందండీ, అచ్చులో కాదు" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఈ మధ్య నిద్ర చాలడం లేదు, అందుకే ఇలాంటివి.

ఏప్రిల్ 2

గుమ్మం పక్క గోడకి చెక్క కొక్కేలు బిగించారు, కోట్లూ సంచులూ తగిలించడానికి. షీటులో రెండే ఉన్నాయి. మేం ముగ్గురం. ఇదీ పొరపాటే. మూడోది పెట్టించాను, మిగతా రెంటి మధ్య, కొంచెం కిందకి, తన చేతికి అందేలా.

ఏప్రిల్ 8

కొత్త వడ్రంగి మూడు రోజులుగా రాలేదు. ఫోను చేస్తే "దారిలో ఉన్నా సార్" అంటాడు. ఏ దారిలోనో.

ఏప్రిల్ 17

గట్టు మీద రాయి బిగించారు. ముప్పై రెండు. రసమట్టం లేదు కాబట్టి గిన్నెలో నీళ్ళు పోసి పెట్టి చూశాను. సమంగానే ఉంది. పొయ్యి కూడా వెలిగించి చూశాను.

రెండు గిన్నెలు కడిగాను. నడుం పట్టేసింది. పడగొట్టక ముందున్న పాత గట్టూ ఇంతే ఉండేది, ఇన్నాళ్ళూ కడగలేదా ఏం. అలవాటైపోతుంది. ఇక అమ్మాయిని పిలవచ్చు.

ఏప్రిల్ 20

వదినా అమ్మాయీ వచ్చి వెళ్ళారు. జరిగింది జరిగినట్టు రాయాలి.

వదిన గుమ్మంలోనే కళ్ళు చిట్లించింది. "ఉతికి ఆరేసినట్టుందేంటయ్యా ఇల్లు! గోడకి ఒక పటమైనా లేదు" అంది. అంటూనే గోడ తడిమి, అలాగే నుంచుని ఏడ్చింది. "చిన్నప్పుడు దాని పుస్తకాల సంచీ నిండా చీమలే. మామిడిముక్కలు కుక్కేది. ఇంత శుభ్రం ఎప్పుడు నేర్చిందో నాకే తెలీదు."

అమ్మాయి ముందు తన గదిలోకి పరుగెత్తింది. కిటికీ బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని బయటికి చూసింది. "భలే ఉంది నాన్నా" అంది. ఆ మాటకి నా కడుపు నిండిపోయింది. సంచీ తెచ్చి గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించబోయి ఆగింది. ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టి, సంచీ నేల మీద పెట్టేసింది.

తర్వాత వంటింట్లోకి వచ్చింది. గట్టు ముందు నుంచుని అరచేతులు ఆనించింది. నడుం వంగింది. అప్పుడు చూశాను, ఐదు నెలల్లో ఎంత పొడుగైందో. నిటారుగా నుంచుంటే నా గడ్డం దాకా వచ్చేస్తుంది.

"నాన్నా, ఇది ఎవరికి?"

"ఎవరికేంటే, అమ్మ కొలతే. ముప్పై రెండు."

"అమ్మ ముప్పై ఎనిమిది రాసింది."

"పొరపాటున రాసిందమ్మా, నొప్పిలో..."

"పొరపాటు కాదు. అమ్మ నా మోచెయ్యి కొలిచింది. నీది కూడా కొలిచింది, నువ్వు గిన్నెలు కడుగుతుంటే. చొక్కా చేతులు తడిసిపోతాయని మడిచింది చూడు, అప్పుడు. టేపు రెండో కొస నేనే పట్టుకున్నా."

గుర్తొచ్చింది. వెనకనుంచి వచ్చి చొక్కా చేతులు మడిచింది. చల్లగా ఏదో మోచేతికి తగిలితే తడిచెయ్యి అనుకున్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ కిసుక్కున నవ్వారు. నేనూ ఎందుకో తెలియకుండానే నవ్వాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"నాన్నకి చెప్పకు, దిగులు పెట్టుకుంటాడు అంది. దిగులెందుకో నాకు అర్థం కాలేదు. మనిద్దరం పొడుగు కదా, అందుకనే అనుకున్నా. అమ్మ ఎందుకు ఎత్తు పెంచుతోందో నాకేం తెలుసు అప్పుడు?" చేతులు గట్టు మీంచి తీసేసింది. "మొన్న ఫోన్లో అమ్మకి అందదన్నావు. ఇంకా అందదంటావేంటి? అమ్మ లేదు నాన్నా. నేనున్నాను."

హాల్లో వదిన మళ్ళీ ముక్కు చీదింది.

"మారుస్తానే. రేపే మార్పిస్తాను. గది అయిపోయింది, పొయ్యి వెలుగుతోంది, నువ్వు వచ్చెయ్."

"గది నాదే నాన్నా. ఇల్లే నాది కాదు. ఇక్కడ నేను అమ్మ దారికి అడ్డంగా తిరుగుతున్నట్టుంది."

సంచీ భుజాన వేసుకుంది. వెళ్ళేముందు నన్ను వాటేసుకుంది, గట్టిగానే. కానీ వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 21

నిదానంగా చూడమన్నాడు మేస్త్రి. ఈ రోజు నిదానంగా చూశాను.

షీటు కింది మూల చిన్న గడి ఉంటుంది, మార్పులు రాసుకునేది. నేను కొలతలే చూశాను, మూల చూడలేదు. అందులో "జూలై 30, గట్టు 32" అని ఉంది. దాని మీద అడ్డగీత. కింద "ఆగస్టు 19, గట్టు 38." పక్కన తన పొట్టి సంతకం.

ఆగస్టు 18న తను ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. "గ్యాసట, మాత్రలిచ్చారు" అంది. నేను నమ్మాను. నాకు అసలు సంగతి చెప్పింది అక్టోబరులో.

మిగతా పదమూడు షీట్లూ నేల మీద పరిచాను. అన్నిటి మూలల్లోనూ ఆ వారం తేదీలే. అన్నీ మళ్ళీ గీసింది. తను ఏ ఇంటి షీటు గీసినా ఎత్తులు తెలియడానికి ఒక మనిషి బొమ్మ వేస్తుంది, పొట్టిగా, సిగతో. తన బొమ్మే అది. ఎవరింటి హాల్లోనో, ఎవరింటి మెట్ల మీదో నుంచుని ఉంటుంది. "నేను లేని ఇల్లు లేదు" అని గొప్పలు కూడా పోయేది.

మా ఇంటి షీట్లలో కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి మనిషి ఉన్నాడు. జడ వేసుకున్న పిల్ల ఉంది. కిటికీ దగ్గర పిల్ల, గట్టు దగ్గర ఇద్దరూ. మంచం మీద ఆ మనిషి ఒక్కడే, పుస్తకం చదువుతూ. పద్నాలుగు షీట్లూ రెండుసార్లు వెతికాను. సిగ బొమ్మ ఎక్కడా లేదు.

ఏప్రిల్ 22

ల్యాబుకి వెళ్ళలేదు.

ఏప్రిల్ 24

పొద్దున్నే మేస్త్రి ఇంటికి వెళ్ళాను. వరండాలో ఏదో తలుపు చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"చెప్పి ఉండొచ్చు కదా మేస్త్రిగారూ."

"చెప్పొద్దన్నారండి. ఆయన కొలతల మనిషి, గట్టు దగ్గర నుంచోగానే తనే కనుక్కుంటాడు, అప్పటికి బాధ కాస్త ఆరి ఉంటుంది అన్నారు." చిత్రిక ముక్కలు బట్టల మీంచి దులుపుకున్నాడు. "మీరు నుంచున్నారు గానీ అమ్మగారి కాళ్ళతో నుంచున్నారు బాబుగారూ. నేనూ గట్టిగా అడ్డం పడాల్సింది. ఆవిడ గీత మీద రంపం అనేసరికి నాకూ ఉక్రోషం వచ్చింది. అలిగి వచ్చేశాను. అది నా తప్పు."

ఆయన తప్పేమీ లేదని చెప్పాను. ముప్పై లోపు గట్టు ఎత్తగలరా అని అడిగాను.

"కోసిన చెక్క పెరగదు కదండి. అరలన్నీ కొత్తగా చెయ్యాలి. నెల పైనే పడుతుంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఫిబ్రవరిలో మాటిచ్చింది నేను. మార్చి మూడున ఈ మనిషి మాట విని ఉంటే, అమ్మాయి ఈపాటికి ఇంట్లో ఉండేది.

ఏప్రిల్ 30

వదిన ఫారం ఇచ్చేసింది. ఎప్పుడూ నాలుగిళ్ళకి వినబడేలా మాట్లాడే మనిషి, ఇవాళ గొణిగినట్టు చెప్పింది.

"పిల్ల ఇష్టమే మరిదీ. నేనేం తొయ్యలేదు."

"తెలుసు వదినా."

"జూన్ నుంచి శనివారం శనివారం పంపుతాను. ఏడాదెంత, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది."

ఫోను అమ్మాయికి ఇవ్వమన్నాను. చదువుకుంటోందంది.

మే 6

రాయి పగలగొట్టారు. అతికించిన రాయి ఊడి రాదట, పగలాల్సిందే. మొదటి దెబ్బ నేనే వేశాను. రెండోది వెయ్యలేకపోయాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

మే 7

నవంబరు సంగతి రాయనన్నాను. రాస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆస్పత్రిలో తనకి కాస్త తెరిపిగా ఉంది. "నేల చెక్క ఇవాళ వస్తుందన్నారు, వెళ్ళి చూసి రా. తడిసిన చెక్క దింపించుకోకు" అంది. వెళ్ళనన్నాను. "వెళ్ళవయ్యా, పని ఆగిపోతుంది" అని కసిరింది. వెళ్ళాను. గంటసేపు గుమ్మంలో నుంచున్నాను, చెక్క బండి రాలేదు. తిరిగి వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది.

తను నన్ను చివరగా పంపింది సైటుకి. అందుకే సైటు వదల్లేకపోయాను. ఇక్కడ పని జరుగుతున్నంతసేపూ నేనింకా తను చెప్పిన పని మీదే ఉన్నట్టు, పని అయ్యాక వెళ్ళి "చెక్క బాగుంది" అని చెప్పాల్సి ఉన్నట్టు. ఆరంగుళాలు తగ్గిస్తే వచ్చి నుంచుంటుందని నమ్మానా? నమ్మలేదు. నమ్మనట్టు కూడా నడుచుకోలేదు.

మే 8

కొత్త వడ్రంగి ఫోను చేశాడు. దారిలో ఉన్నాడట.

మే 18

అమ్మాయి మాట్లాడింది. కొత్త బడిలో వేసవి క్లాసులు మొదలయ్యాయట, తనే అందరికన్నా పొడుగట, వెనక బెంచీలో కూర్చోబెట్టారట. గట్టు సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.

జూన్ 3

అరలు వచ్చాయి. రాయి బిగించారు. ముప్పై ఎనిమిది. మేస్త్రి రసమట్టం నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూసి, తుడిచి జేబులో వేసుకున్నాడు.

గుమ్మం దగ్గర మూడో కొక్కెం చూసి "ఇది తీసెయ్యమంటారా?" అన్నాడు.

"ఉండనివ్వండి. అదొక్కటీ నా తప్పుగా ఉండనివ్వండి."

సరేనన్నాడు. దాని మర లూజుగా ఉందని బిగించి మరీ వెళ్ళాడు.

జూన్ 7

అమ్మాయి వచ్చింది. రెండు రోజులుంటుంది.

ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి వంటింట్లోకి వచ్చింది. గట్టు మీద మోచేతులు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "ఊఁ" అంది. బంగాళదుంపలు తీసి తొక్క తియ్యడం మొదలుపెట్టింది. నేను తరిగాను. పక్కపక్కనే నుంచున్నాం. పొద్దుటి ఎండ రాయి మీద పడి చేతుల మీదికి పాకింది. బడి గురించి చెప్పింది. పెద్దమ్మ గురక గురించి చెప్పింది. గోడ దాటి వినబడుతుందట, మధ్యలో ఈల కూడా వస్తుందట. నేను ఆ ఈల ఎలా ఉంటుందో వేసి చూపించమన్నాను. వేసింది. ఇద్దరం నవ్వాం.

పొయ్యి మీద మూకుడు పెట్టి నూనె పోసింది. నూనె వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"నాన్నా, ఇంత ఎత్తులో అమ్మ ఎక్కడ నుంచునేది?"

పీట వేసుకునేదనో, అదిగో ఆ బల్ల దగ్గర కూర్చునేదనో చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది.

"నుంచునేది కాదమ్మా" అన్నాను. "అమ్మ లేదు. అమ్మ చనిపోయింది."

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. కత్తి పక్కన పెట్టి, రెండు చేతులూ గట్టుకి ఆనించి ఏడ్చాను. ఏడు నెలల ఏడుపు. అమ్మాయి పొయ్యి ఆపేసింది. వచ్చి నా పక్కనే నుంచుని, నాలాగే గట్టు మీద చేతులు ఆనించి తనూ ఏడ్చింది. చాలాసేపు అలాగే నుంచున్నాం. ఇద్దరిలో ఎవరికీ నడుం వంచాల్సిన పని రాలేదు.